పంచాయతీ భవనమున పటములు: వానిని గోడకు భద్రముగా అమర్చు విధము

గ్రామ పంచాయతీ కార్యాలయమున అడుగిడిన వారి చూపు మొట్టమొదట పడునది గోడమీది పటములపైననే. గాంధీమహాత్ముడు, డాక్టరు అంబేద్కరు మున్నగు మహనీయుల చిత్రపటములు లేని సభామందిరము నేడు మన రాష్ట్రమున అరుదు. ఉత్తరాంధ్రమున వీరితోపాటు గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి, అల్లూరి సీతారామరాజుల పటములును కానవచ్చును. దాతలు శ్రద్ధతో టేకు చట్రము చేయించి, అద్దము బిగింపించి, అడుగున తమ పేరు వ్రాయించి పంచాయతీకి సమర్పింతురు. సమర్పణోత్సవము మేళతాళములతో జరుగును. కాని ఆ పటమును ఏండ్ల తరబడి మోయవలసిన మేకు మాట ఆ నాడు ఎవరికిని తోచదు. సున్నపు గోడలో రెండంగుళముల ఇనుప మేకు దిగగొట్టి, నూలు త్రాటితో పటమును తగిలించి, పని పూర్తియైన దనుకొందురు.

ఆ పటము క్రింద ఎవరు కూర్చుందురో ఆలోచింతము. గ్రామసభ జరుగునాడు గోడనానుకొని ముసలివారు, పసిబిడ్డల తల్లులు కూర్చుందురు. మునుపు పింఛను దినమున వరుసలో నిలువలేని వృద్ధులు ఆ గోడప్రక్కనే చతికిలబడెడివారు. తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి బడియు, పంచాయతీ భవనమును జనులకు తలదాచుకొను తావులగును. అప్పుడు గోడ పొడవునా మనుష్యులు పరుండి యుందురు. ఇక మిగిలిన దినములలో, సాధారణముగా పెద్ద పటము క్రిందనే అధ్యక్షుల కుర్చీ వేయుట మనకు ఆచారము. ఇరువది కిలోల బరువుగల అద్దపు పటము ఎనిమిది అడుగుల ఎత్తునుండి జారినచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

మరియొక సంగతియు గలదు. పూజ్యుని పటము రాత్రివేళ తనంతట తాను పడి పగిలినను, తెల్లవారిన పిమ్మట చూచువారికి అది ఎవరో పడద్రోసినట్లే తోచవచ్చును. తుప్పుపట్టిన మేకు చేసిన పనికి ఊరిలో ఒక వీధివారు మరియొక వీధివారిని అనుమానించుట, మాటామాటా పెరుగుట, పోలీసులు రావలసి వచ్చుట జరుగరాని వేమియు కావు. మేకు ఖరీదు ఎంత, ఆ కలహము ఖరీదు ఎంత? కావున ఈ పని వడ్రంగికి విడిచి పెట్టదగిన చిల్లరపని కాదనియు, పంచాయతీ సభ్యులు దగ్గరుండి చేయించదగిన దనియు మా అభిప్రాయము.

ఈ వ్యాసమున చీపురుపల్లి ప్రాంతమును దృష్టియందుంచుకొని కొన్ని వివరములు చెప్పుచున్నాము. చీపురుపల్లి 1979 జూన్ 1వ తేదీవరకు శ్రీకాకుళం జిల్లాలోనిది. నాటినుండి విజయనగరం జిల్లాలో చేరినది. 2022లో రెవెన్యూ డివిజను కేంద్రమైనది. ఈ చుట్టుప్రక్కల గ్రామములలో మట్టిగోడల పెంకుటిండ్లు మొదలు రాతిగోడల పాత చావళ్ళు, ఇటుక గోడల బడులు, కాంక్రీటు స్తంభముల క్రొత్త సచివాలయ భవనములవరకు అన్ని తరహాల గోడలును ఉన్నవి. ఒక గోడకు పనికివచ్చిన ఉపాయము మరియొక గోడకు పనికిరాదు.

పటము తూకము

మొదట చేయవలసిన పని పటమును తూచుట. ధాన్యపు కాటామీదనో, రేషను దుకాణపు కాటామీదనో పెట్టి చూచిన చాలును. కాటా దొరకనిచో లెక్కవేయవచ్చును. అద్దము ఒక మిల్లీమీటరు మందమునకు చదరపు మీటరుకు రెండున్నర కిలోలు తూగును. అనగా నాలుగు మిల్లీమీటర్ల అద్దము చదరపు అడుగుకు 930 గ్రాముల వరకు ఉండును. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తుగల పటమునకు అద్దమే 11 కిలోలు. మూడంగుళముల వెడల్పు, అంగుళము మందముగల టేకు చట్రము సుమారు 5 కిలోలు. వెనుక చెక్క రెండున్నర కిలోలు. అన్నియు కలిసి 19 కిలోలకు చేరువగును.

ఇంతటితో లెక్క ముగియలేదు. ఏప్రిల్ 14, ఆగస్టు 15, అక్టోబరు 2, జనవరి 26 తేదీలలో పటములకు మాలలు వేయుదుము. నీరు చిలకరించిన పెద్ద పూలమాల రెండు మూడు కిలోలు తూగుట కద్దు. మాల వేయువారు బల్లయెక్కి, పట్టు తప్పకుండుటకు పటము అంచునే పట్టుకొందురు! అందుచేత 20 కిలోల పటమునకు 25 కిలోలుగా ఎంచుకొని, దానికి నాలుగు రెట్లు, అనగా 100 కిలోలు మోయగల ఏర్పాటు చేయవలెను. రెండు కొక్కెములున్నచో ఒక్కొక్కటి 50 కిలోలు ఓర్వవలెను. నాలుగు రెట్లు ఎందులకని ప్రశ్నించువారికి మా సమాధానము: గోడలోపల ఏమున్నదో మనకు కనబడదు గనుక.

అద్దమునకు బదులు పారదర్శకమైన అక్రిలిక్ పలక వేయించినచో బరువు సగమునకు తగ్గును, పడినను ముక్కలై గ్రుచ్చుకొనదు. అయితే గుడ్డతో గట్టిగా తుడిచినచో గీతలు పడును. బడిపిల్లలు తిరుగు గదులలో ఇదియే మేలని మేము తలంతుము.

గోడ యొక్క గుణము

గోడను వ్రేలి కణుపుతో తట్టి చూడవలెను. గట్టిగా పలికినచో మంచిది. బోలు శబ్దము వచ్చినచో పైపూత ఇటుకను విడిచి యున్నదని అర్థము; అచ్చట ఏదియు బిగింపరాదు. తడి మరకలు, ఉప్పు పూసిన తావులు, నెఱ్ఱెలు ఉన్నచోటును వర్జింపవలెను. బెజ్జము వేయునప్పుడు రాలు పొడి రంగు చూచినచో లోపలి సంగతి తెలియును. మొదట తెల్లని లేక బూడిదరంగు పొడి వచ్చును, అది పూత. పిమ్మట ఎఱ్ఱపొడి వచ్చినచో ఇటుకలో దిగినది. మెత్తని మట్టి రాలినచో బెజ్జము మట్టి అడుసుతో కట్టిన సందులో పడినదన్నమాట. రెండంగుళములు జరిపి మరల వేయవలెను. ఎంత దిగినను బూడిదరంగే వచ్చుచు, యంత్రము మొరాయించినచో అది కాంక్రీటు. బూడిద ఇటుకయైనచో పొడి బూడిదరంగుననే ఉన్నను యంత్రము సుళువుగా దిగును.

పూత సాధారణముగా అర అంగుళమునుండి ముప్పాతిక అంగుళము వరకు ఉండును. దానికి మోయు శక్తి లేదు. మన ఊళ్ళలో పడిపోవు పటములలో అధిక భాగము మేకు పూతలోనే నిలిచిపోవుటచే పడునవి. ఇనుప మేకు వానకాలపు చెమ్మకు తుప్పుపట్టును. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక ఉబ్బి, చుట్టునున్న సున్నపు పూతను చీల్చును. మేకు వదులగును. పటము రెండేండ్లు నిలిచినది గనుక ఎల్లకాలము నిలుచునని అనుకొనుట ఇందుచేతనే పొరపాటు. చీపురుపల్లి మీదుగా హౌరా–చెన్నై రైలుమార్గము పోవుచున్నది. రైలు కట్టకు, గనుల లారీలు తిరుగు రస్తాలకు ఆనుకొని యున్న కట్టడములలో సన్నని అదురు నిత్యమును ఉండును. వదులైన మేకునకు అదియు తోడగును.

ఇటుక గోడకు బిరడా, మరమేకు

కాల్చిన ఇటుకతో సిమెంటుగాని సున్నముగాని పెట్టి కట్టిన గోడకు మేకు కొట్టుట మానివేయవలెను. సుత్తిదెబ్బకు ఇటుక లోపల పగులును. బెజ్జము వేసి, అందులో బిరడా దూర్చి, ఆ బిరడాలో మరమేకు బిగించుట ఉత్తమము. మరమేకు లోనికి పోవుకొలది బిరడా ఉబ్బి బెజ్జపు గోడలను ఒత్తుకొనును. ఆ ఒత్తిడియే పట్టు.

ఈ ఉపాయము క్రొత్తది కాదు. పూర్వము మన వడ్రంగులు గోడలో చదరపు రంధ్రము తొలిచి చెక్క దిమ్మను బిగించి దానికి మేకు కొట్టెడివారు. 1911 ప్రాంతమున లండనులోని బ్రిటిష్ మ్యూజియమున గోడలు చెడకుండ విద్యుత్పరికరములు అమర్చవలసి వచ్చినప్పుడు జాన్ జోసెఫ్ రాలింగ్స్ అను నతడు సన్నని గొట్టమువంటి బిరడాను కనిపెట్టెను. నేటికిని మన పనివారు దీనిని రాల్ ప్లగ్గనుట ఆయన పేరునుబట్టియే. ఆ మొదటి బిరడా దేనితో చేసిరో తెలిసినచో మన ప్రాంతపు రైతులు సంతోషింతురు: జనపనార పోగులను జంతు రక్తముతో అంటించి చేసిరి. గోగునార పండించి నెల్లిమర్ల మిల్లుకు పంపిన ఈ జిల్లావారికి నార బలమును గూర్చి చెప్పవలసిన పనిలేదు. 1958లో జర్మనీ దేశస్థుడు ఆర్టుర్ ఫిషర్ నైలాను బిరడాను తయారు చేసెను. ఇప్పుడు మన అంగళ్ళలో దొరకు ప్లాస్టిక్ ప్లగ్గులు ఆ జాతివే. నారకును చెక్కకును చెదపురుగు భయమున్నది, వీనికి లేదు.

20 కిలోల పటమునకు ఎనిమిది మిల్లీమీటర్ల ప్లగ్గులు రెండు, వానికి సరిపోవు రెండున్నర అంగుళముల మరమేకులు రెండు చాలును. బెజ్జము సరిగా ఎనిమిది మిల్లీమీటర్ల బరమాతోనే వేయవలెను. లోతు పూతను దాటి ఇటుకలో రెండంగుళములు ఉండవలెను. ప్లగ్గు మొత్తము ఇటుకలో దాగవలెను గాని పూతలో మిగులరాదు. బెజ్జములోని పొడిని ఊది వేయనిచో ప్లగ్గు జారును. ఊదునప్పుడు కన్నులు మూసికొనుట మరువరాదు. బెజ్జము పెద్దదైపోయినచో అగ్గిపుల్లలు, కాగితపు ముక్కలు కుక్కుట మన పనివారికి పరిపాటి. అది ఆ పూటకు నిలుచును, మరునాటికి నిలువదు. దానిని సిమెంటుతో పూడ్చి, ప్రక్కన నాలుగంగుళముల దూరమున క్రొత్త బెజ్జము వేయించవలెను.

విద్యుత్తు తీగలు గోడలోపల పోవుచుండును. స్విచ్చి బోర్డుకు నిట్టనిలువుగా పైనగాని క్రిందగాని, దానికి సరి అడ్డముగా గాని బెజ్జము వేయించరాదు. పని సాగునంతసేపు గోడలోని తీగలకు పోవు కరెంటు ఆపుచేయవలెను. యంత్రమునకు బ్యాటరీ ఉన్న దానినైనను, ప్రక్క ఇంటినుండి తీగనైనను చూచుకొనవచ్చును. కాంక్రీటు స్తంభములలోను, దూలములలోను ఇనుప ఊచలుండును. బరమాకు ఊచ తగిలినచో బలవంతము చేయక చోటు మార్చవలెను. లోపల బోలుగానుండు సిమెంటు దిమ్మెలకును, తేలికపాటి తెల్ల దిమ్మెలకును ఈ సాధారణపు ప్లగ్గు పట్టదు. వానికి ప్రత్యేకమైనవి పట్టణపు అంగళ్ళలో అడిగి తేవలెను.

రాతిగోడ, మట్టిగోడ

సున్నముతో కట్టిన రాతిగోడలు బలమైనవి. రాతిలో బెజ్జము వేయుట కష్టము, సందులో వేయుట వ్యర్థము. ఇచ్చట మరియొక పద్ధతి కలదు. గుమ్మములను గోడకు పట్టించుటకు వాడు హోల్డుఫాస్టు వంటి, తోక చీలిన ఇనుపపట్టీని కొక్కెముగా వంచి తెచ్చుకొనవలెను. రెండు రాళ్ళ నడుమ సందును నాలుగంగుళముల లోతున, లోపల వెడల్పుగాను బయట ఇరుకుగాను తొలిచి, నీటితో తడిపి, ఒక పాలు సిమెంటు మూడు పాళ్ళు ఇసుక కలిపిన అడుసుతో ఆ పట్టీని పాతవలెను. వారము దినములు తడుపుచుండవలెను. ఆ వారములోపుననే పటము తగిలించినచో శ్రమయంతయు వృథా. పండుగ మూడు దినములున్నదనగా ఈ పని మొదలిడువారికి మేము చెప్పగలిగిన దేమియు లేదు.

మట్టిగోడను నమ్మి బరువైన పటమును వ్రేలాడదీయుట తగదు. దానిలో ప్లగ్గుగాని మేకుగాని నిలువదు. గోడను వదలి కప్పును ఆశ్రయించుట ఒక మార్గము: దూలమునకు రెండు ఇనుప గొలుసులు కట్టి పటమును దింపి గోడకు ఆన్చవలెను. దూలము పుచ్చినదో లేదో ముందుగా చూచుకొనవలెను. లేదా నేలనుండి రెండు గుంజలు నిలిపి, వానిపై సన్నని పలక వేసి, పటమును ఆ పలకపై నిలబెట్టి, పైభాగమును మాత్రము గోడకు పట్టించవచ్చును. బరువు నేలకు పోవును, గోడకు ఏమియు అంటదు. చూచుటకును ముచ్చటగానే ఉండును. పలకమీద దీపము పెట్టుకొను వసతియు కలుగును. దీపము పెట్టినచో అది చట్రమునకు తగులకుండ చూచుకొనవలెను గదా.

మన పెద్దల పద్ధతి

పాత లోగిళ్ళలో రవివర్మ పటములు, పూర్వుల ఛాయాచిత్రములు తగిలించిన తీరును చాలమంది చూచియే యుందురు. పటము అడుగు అంచు రెండు కొయ్య గుబ్బలపై ఆని యుండును. పైభాగము గోడనుండి ముందుకు వంగి, ఒక తీగతో కట్టబడి యుండును. క్రింద కూర్చున్న వానివైపు చూచుచున్నట్లు కనబడును. కిటికీ వెలుతురు అద్దముపై పడి కన్నులు మిరుమిట్లు గొలుపదు. దీనిలో అందము మాత్రమే కాదు, తెలివియు కలదు. బరువంతయు అడుగు గుబ్బలు మోయును. పై తీగ పటమును ముందునకు పడకుండ పట్టుకొనుట మాత్రమే చేయును. పది డిగ్రీల వాలులో నున్న 20 కిలోల పటము పై కొక్కెమును ముందుకు లాగు బలము రెండు కిలోలకు మించదు.

నేటివారు అడుగు గుబ్బలను తీసివేసి వాలును మాత్రము ఉంచుకొనిరి! అప్పుడు బరువంతయు పై మేకుమీదనే పడును, పైగా ఆ మేకు బయటకు లాగబడుచుండును. క్రిందికి నొక్కు బరువును మేకు చాలవరకు ఓర్చును గాని, తన దారిని తనను బయటికి లాగు బలమును ఓర్వలేదు. వాలుగా తగిలింపదలచినచో పెద్దల పద్ధతిని సగము గాక సంపూర్ణముగా పాటించవలెను.

తీగ సంగతి

పటము వెనుక రెండు ఉంగరములకు అడ్డముగా ఒక తీగ కట్టి, నడుమ ఒకే కొక్కెమునకు తగిలించుట సర్వసాధారణము. తీగ బిగుతుగా నున్నంత మంచిదని పనివారి నమ్మకము. నిజము దీనికి విరుద్ధము. నిండుబిందె మెడకు త్రాడు కట్టి, రెండు కొసలను ఇద్దరు పట్టుకొని మోయునపుడు ఒకరికొకరు చేరువగా నిలిచినచో ఒక్కొక్కరికి సగమే బరువు. దూరముగా జరిగి త్రాటిని అడ్డముగా చాచినకొలది చేతులు తెగునంత లాగును. తీగ విషయమును అంతే.

లెక్క చెప్పుచున్నాము. ఉంగరముల నడుమ దూరము 30 అంగుళములు, పటము 20 కిలోలు అనుకొందము. తీగ నడుమభాగము ఉంగరములకంటె తొమ్మిది అంగుళముల పైకి లేచియున్నచో తీగ యొక్క ఒక్కొక్క పాయలో సుమారు 20 కిలోల లాగుడు ఉండును. రెండున్నర అంగుళములే లేచియున్నచో అది 60 కిలోలు! అదే పటమును రెండు కొక్కెములకు, ఉంగరములకు సూటిగా తగిలించినచో ఒక్కొక్క ఉంగరమునకు 10 కిలోలే. పైగా ఒకే కొక్కెముపై నున్న పటము తలుపు కొట్టుకొనినప్పుడెల్ల ఒక వైపునకు ఒరుగును. రెండింటిపై నున్నది ఒరుగదు. కావున బరువైన పటమునకు అడ్డతీగ మానివేసి, చట్రము రెండు నిలువు కమ్ములకును ఇత్తడి లేక జింకుపూత ఉంగరములు మరలతో బిగించి, గోడలో రెండు కొక్కెములు పెట్టుటయే మా సలహా. రెండు కొక్కెములును సమమట్టముగా నుండునట్లు నీటి గొట్టముతో గాని, తాపీమేస్త్రి రసమట్టముతో గాని చూడవలెను.

తీగ తప్పనిసరియైనచో పలుపోగుల తుప్పుపట్టని ఉక్కుతీగ వాడవలెను. ఊచలు కట్టు సన్నని తీగ రెండుమార్లు మెలిపెట్టినచో తెగును. నూలు, గోగునార త్రాళ్ళు చెమ్మకు చివుకును, ఎలుకలకు ప్రీతి. నైలాను త్రాడు ఏండ్లు గడచినకొలది సాగును.

పటముల బద్ద

మందిరములో నాలుగైదు పటములున్నచో ఒక్కొక్క దానికి గోడను తూట్లు పొడుచుటకంటె మేలైన ఉపాయము కలదు. మూడంగుళముల వెడల్పు, అంగుళము మందముగల గట్టి కొయ్యబద్దను గోడ పొడవునా ఒకే మట్టమున అడుగున్నరకు ఒక మరమేకు చొప్పున బిగించవలెను. బద్ద పై అంచును గోడవైపు పల్లముగా నుండునట్లు ఏటవాలుగా చెక్కించవలెను. ప్రతి పటము వెనుక పైభాగమున దానికి ఎదురు వాలుగల చిన్న బద్దను మరలతో బిగించినచో, పటమును పైనుండి దించగనే రెండు బద్దలును ఒకదానికొకటి కరచుకొనును. బరువు అనేక మరమేకులపై పంచబడును. పటము ఎంత బరువైనదో అంత గట్టిగా గోడకు అంటుకొనును. దించుట సులభము, తగిలించుట సులభము. రేపు మరియొక మహనీయుని పటము వచ్చినను గోడకు క్రొత్త గాయము చేయనక్కరలేదు, ఉన్నవానిని ప్రక్కకు జరిపిన చాలును.

ఇందు మరియొక లాభమును మేము కోరి చెప్పుచున్నాము. ఎవరి పటము ఎత్తున ఉండవలెను, ఎవరిది మధ్యనుండవలెను అను తగవు మన సభలలో వినబడుచునే యున్నది. ఒకే బద్దపై అన్ని పటములును ఒకే ఎత్తున నిలుచును. పటముల కొలతలు వేరైనను పై అంచులు సమముగా నుండునట్లు చిన్నబద్దలను అమర్చుకొనవచ్చును. పేటలలోని సామాజిక భవనములకును, శాఖా గ్రంథాలయములకును ఇదే పద్ధతి తగును.

ఎత్తు విషయమున చిత్రశాలలలో పటము నడుమభాగము నేలనుండి ఐదడుగుల ఎత్తున ఉంచుట వాడుక. నిలబడి చూచువాని కంటికి అది సరిపోవును. పంచాయతీ మందిరమున జనులు గోడకు ఆని కూర్చుందురు గనుక పటము అడుగు అంచు ఆరడుగులకు తగ్గరాదు. అంతకంటె మిక్కిలి ఎత్తుకు పోయినచో తుడుచువారు లేక దుమ్ము పేరుకొనును. ద్వారబంధము పైన బరువైన పటము వద్దు. బల్లలు, కుర్చీలు వేయు గోడను వదలి ఎదుటి గోడను ఎన్నుకొనుట అన్నింటికంటె క్షేమము. అధ్యక్షులు పటము క్రింద గాక పటమునకు ఎదురుగా కూర్చున్నచో వారికిని ఆ మహనీయులు నిత్యము కనబడుదురు.

పటము అడుగు మూలలకు అర అంగుళము మందపు రబ్బరు బిళ్ళలు అంటించినచో గోడకును పటమునకును నడుమ గాలి ఆడును. చెమ్మ పట్టదు, బొమ్మకు బూజు రాదు. బల్లులు కాపురముండక మానవు గాని, అంతమాత్రము ఓర్చుకొనవలసినదే.

పరీక్ష, తనిఖీ

కొక్కెములు బిగించిన వెంటనే పటము తగిలించరాదు. సిమెంటు బస్తా 50 కిలోలుండును. ఒక్కొక్క కొక్కెమునకు అంత బరువుగల ఇసుక బస్తాను గట్టి త్రాటితో, నేలకు నాలుగంగుళముల ఎత్తున వ్రేలాడునట్లు కట్టి ఒక రాత్రి ఉంచవలెను. తెల్లవారుసరికి బస్తా నేలకు తాకినను, కొక్కెము చుట్టు పూత నెఱ్ఱె విచ్చినను ఆ చోటు పనికిరాదు. పడితే ఇసుక పడును, అంతియే. పటమును ఎత్తునపుడు ఇద్దరు మనుష్యులు, రెండు నిచ్చెనలు ఉండవలెను. కుర్చీమీద కుర్చీ పెట్టి ఎక్కుట ప్రమాదకరము. తగిలించిన తరువాత పటమును అడుగునుండి మెల్లగా పైకెత్తి చూడవలెను. కొక్కెమునుండి ఊడివచ్చునట్లున్నచో కొక్కెము నోరు మూయించవలెను. తుపాను గాలి తలుపు త్రోసుకొని వచ్చినపుడు పటమును సరిగా అట్లే పైకి లేపును. బద్దపై నున్న పటమునకైనను అడుగు అంచును ఒక చిన్న మరతో గోడకు పట్టించుట మంచిది.

2014 అక్టోబరు 12న విశాఖపట్టణమువద్ద తీరము దాటిన హుద్‌హుద్, 2018 అక్టోబరులో శ్రీకాకుళం జిల్లాను పీడించిన తిత్లీ మన ప్రాంతమువారికి మరుపురానివి. తుపాను హెచ్చరిక అందిన నాడు, జనులను భవనములోనికి రానిచ్చుటకు ముందు, బరువైన పటములన్నియు దించి, అద్దము గోడవైపుండునట్లు ఒక గదిలో నిలబెట్టి, పైన గోనె కప్పి తలుపు వేయవలెను. ఈ పని ఎవరిదో ముందుగానే ఒకరి పేర వ్రాసి ఉంచవలెను. ఆ వేళకు అందరును అన్ని పనులలో మునిగి యుందురు గనుక పటములను ఎవరును తలంపరు.

ఏటేటా వానలకు ముందు, మే నెలలో ఒకమారు, ప్రతి పటమును దించి ఉంగరములు, మరలు, కొక్కెములు పరిశీలింపవలెను. తుప్పు కనబడినది ఏదైనను మార్చివేయవలెను. కొక్కెము కదలినచో బిగించి ఊరకుండక ప్లగ్గునే మార్చవలెను. గోడలకు సున్నము వేయునపుడు పటములు ఎటులను దింపుదురు గనుక రెండు పనులును ఒకేమారు జరుగునట్లు చూచుకొనవచ్చును. పటమును దాత సమర్పించిన నాడే తీర్మానముతో పాటు స్టాకు రిజిస్టరులో దాని కొలతలు, తూకము, తగిలించిన తేదీ, బిగించిన మరల సంఖ్య వ్రాయించవలెను. తనిఖీ తేదీలను ఆ వరుసలోనే చేర్చుచు పోవలెను. ఎప్పుడైన పటము పడినచో ఊడివచ్చిన మేకును, పూతముక్కను పారవేయక, సభ్యులయెదుట చూచి, కారణమును అదే రిజిస్టరులో ఆ దినముననే వ్రాయించి, ఊరివారు అడిగినచో చూపవలెను. పటములను దించునపుడు వాని వెనుక, గోడమీద కొక్కెముల ప్రక్కన ఒకే అంకె సీసపుకడ్డీతో వేసికొన్నచో, సున్నము ఆరిన తరువాత ఏ పటము ఎచ్చటిదో వెదకికొను పని ఉండదు. గోడమీది అంకె సున్నములో కలిసిపోవును గనుక దానిని రిజిస్టరులో కూడ వ్రాసికొనవలెను.